పూత మీదనే తోట గుత్తకిచ్చినట్టు: నల్లగొండ విద్యార్థిని ఎర్లీ డెసిషన్ ఎంపికపై ఒక కేస్ స్టడీ

2024 జూన్ రెండో వారంలో చండూరు వైపు నుంచి ఒక బత్తాయి రైతు తన కూతురిని వెంటబెట్టుకొని నల్లగొండలో నేను విద్యార్థులకు సలహాలిచ్చే గదికి వచ్చారు. అమ్మాయి అప్పుడే ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరంలో చేరింది. పదో తరగతిలో 10 జీపీఏ, ఇంటర్ మొదటి సంవత్సరంలో 470కి 457 మార్కులు వచ్చాయి. అమెరికాలో బ్యాచిలర్స్ చదవాలన్నది ఆమె కోరిక. నా దగ్గరికి వచ్చేవారిలో అత్యధికులు బీటెక్ పూర్తిచేసి ఎంఎస్‌కు వెళ్లేవారే కనుక, ఇంటర్ నుంచే వెళ్లాలనుకునే విద్యార్థి, అదీ ఆర్థిక సాయం లేకుండా ఒక్క సెమిస్టర్ ఫీజు కూడా కట్టలేని కుటుంబం నుంచి రావడం అరుదు. కుటుంబం కోరిక మేరకు అమ్మాయి పేరు, ఊరి పేరు, చివరకు సీటు వచ్చిన కళాశాల పేరు ఇక్కడ రాయడం లేదు. అంకెలు మాత్రం నా నోటుపుస్తకంలో ఉన్నవి ఉన్నట్టుగానే ఇస్తున్నాను.

అమ్మాయి తెచ్చిన జాబితాలో పద్నాలుగు పేర్లున్నాయి. వాటిలో ఎర్లీ డెసిషన్‌కు దేన్ని ఎంచుకోవాలన్నదే ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న. అమెరికా ప్రైవేటు కళాశాలల్లో చాలా వాటికి దరఖాస్తులు రెండు మూడు విడతల్లో ఉంటాయి. ఎర్లీ డెసిషన్‌లో విద్యార్థి ఒకే ఒక్క కళాశాలను ఎంచుకొని, సీటు ఇస్తే తప్పక చేరతానని, మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకుంటానని ముందే రాసివ్వాలి. గడువు సాధారణంగా నవంబరు 1 లేదా 15, ఫలితం డిసెంబరు మధ్యలో. జనవరి మొదట్లో గడువు పెట్టి ఫిబ్రవరి మధ్యలో ఫలితం చెప్పే రెండో ఎర్లీ డెసిషన్ కూడా కొన్ని చోట్ల ఉంది. మాట ఇవ్వనక్కరలేని ఎర్లీ యాక్షన్ వేరు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ పాటించేది మరో రకం: చేరి తీరాలన్న షరతు లేదు గానీ, అదే సమయంలో ఇంకో ప్రైవేటు కళాశాలకు ముందస్తు దరఖాస్తు పెట్టకూడదు. ఎర్లీ డెసిషన్‌ను పొట్టిగా ఈడీ అనడం నేను మానుకొని చాలాకాలమైంది. మన పత్రికలు చదివే తండ్రులకు ఆ రెండక్షరాలు వినగానే సోదాలు గుర్తుకొస్తాయి.

నేను ఇదంతా వివరించాక తండ్రి కాసేపు ఆలోచించి, "అంటే తోటను పూత మీదనే గుత్తకిచ్చినట్టు గద సార్" అన్నారు. మా ప్రాంతంలో బత్తాయి రైతు డబ్బు అవసరమైతే కాయ ఎదగకముందే తోటను వ్యాపారికి గుత్తకు ఇస్తాడు. తర్వాత మార్కెట్లో ధర పెరిగినా రైతుకు అందదు, పడిపోయినా ఆ నష్టం ఆయనది కాదు. పోలిక సరిగ్గా ఉందని నేను చెప్పబోతుండగా ఆయనే మళ్లీ అన్నారు: "కాని గుత్తకిచ్చేటప్పుడు ధర ముందుగాల్నే మాట్లాడుకుంటం. వీళ్లు మాట తీసుకున్నంక ధర చెప్తమంటున్రు."

ఆర్థిక సాయం అడిగే విదేశీ విద్యార్థికి ఎర్లీ డెసిషన్‌లో ఉన్న అసలు చిక్కును ఇంత సూటిగా చెప్పిన వారిని నేను అంతకుముందు చూడలేదు. కళాశాల ఇచ్చే సాయం ఎంతో, కుటుంబం కట్టాల్సింది ఎంతో డిసెంబరులో సీటు వచ్చాకే తెలుస్తుంది. నాలుగైదు కళాశాలల సాయం లేఖలు పక్కపక్కన పెట్టి పోల్చుకొనే అవకాశం అప్పటికే చేజారి ఉంటుంది. ఇచ్చిన సాయంతో చదువు సాధ్యం కాకపోతే ఒప్పందం నుంచి తప్పుకోవచ్చన్న వెసులుబాటు ఉన్నమాట నిజమే. అయితే ఆ తలుపు తెరుచుకొని బయటికి వచ్చేసరికి మిగతా కళాశాలల గడువులు ముంచుకొస్తాయి. అందుకే ఏ కళాశాల అన్న ప్రశ్నను నేను పక్కన పెట్టించి, ఈ ఇల్లు ఏటా ఎంత కట్టగలదన్న ప్రశ్నతో మొదలుపెట్టాను.

వారం తర్వాత తల్లి కూడా వచ్చారు. ఆమె అంగన్‌వాడీ టీచర్, గౌరవ వేతనం నెలకు 13,650 రూపాయలు. బత్తాయి తోట మీద 2023లో పెట్టుబడి పోను మిగిలింది సుమారు 2 లక్షల 60 వేలు. అప్పట్లో ఎకరానికి ఏడాదికి 10 వేల చొప్పున వచ్చే రైతుబంధును ఆదాయంలో చూపాలా అని తండ్రి అడిగారు. చూపాలని చెప్పాను. బోర్లు వేయించడానికి బయట తెచ్చిన అప్పు 4 లక్షల 50 వేలు ఉంది. బ్యాంకులో ఉన్న లక్షా 60 వేల పంట రుణం ఆ ఆగస్టులో జరిగిన 2 లక్షల లోపు రుణమాఫీలో తీరిపోయింది. దాన్ని అప్పుల పట్టికలోంచి మేము కొట్టేశాం. కొట్టేస్తున్నప్పుడు తండ్రి ముఖంలో ఒక రకమైన సందిగ్ధం కనిపించింది గానీ, తీరిన అప్పును ఉన్నట్టు చూపడం తప్పన్నది ఆయనకూ తెలుసు. ఇంటి ఖర్చు, తమ్ముడి చదువు, వడ్డీ తీసేశాక విమాన టికెట్‌తో కలిపి ఏటా 2 లక్షలు పెట్టగలమని తల్లి తేల్చి చెప్పారు. అప్పటి మారకంలో అది 2,400 డాలర్ల లోపు. ఆ కోవ కళాశాలల్లో ఫీజు, హాస్టల్, భోజనం కలిపి ఏడాది ఖర్చు అప్పటికే 85 వేల డాలర్లు దాటింది. ప్రభుత్వం విదేశీ చదువుకు 20 లక్షలు ఇస్తుందని ఊళ్లో ఎవరో చెప్పారట. ఆ ఓవర్సీస్ పథకాలు పీజీ, ఆపై చదువులకే గాని బ్యాచిలర్స్‌కు వర్తించవని చెప్పి ఆ ఆశను మొదటి రోజే తుంచవలసి వచ్చింది.

2,400 డాలర్లన్న ఆ ఒక్క అంకెతో జాబితా సగానికి పైగా తగ్గిపోయింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విదేశీ బ్యాచిలర్స్ విద్యార్థులకు ఇంత భారీ సాయం సాధారణంగా ఇవ్వవు. ప్రతిభ స్కాలర్‌షిప్ పేరుతో 20 వేలో 30 వేలో డాలర్లు తగ్గించే ప్రైవేటు విశ్వవిద్యాలయాలున్నాయి. వాటిలో చేరితే ఇంకా 50 వేలకు పైగా కట్టాలి. హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ వారు అమ్మాయికి అంతకుముందు సూచించిన కళాశాల సరిగ్గా ఆ రకానిదే. ఎర్లీ డెసిషన్‌లో దాదాపు సగం మందికి సీటు వస్తుందన్నది వారి వాదన. సీటు వచ్చి డబ్బు చాలకపోతే ఆ శాతం ఎంతైతేనేమి?

మిగిలినవి రెండు తెగలు. మొదటివి, డబ్బు కట్టగలరా లేదా అన్నది చూడకుండా సీటు నిర్ణయించి, ఆ తర్వాత లెక్కగట్టిన అవసరాన్ని పూర్తిగా తీర్చేవి. వీటిని నీడ్ బ్లైండ్ అంటారు. అమెరికా విద్యార్థులకు ఈ విధానం పాటించే కళాశాలలు చాలానే ఉన్నా, విదేశీయులకూ పాటించేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, 2022లో చేరిన డార్ట్‌మత్, బోడిన్, 2024లో దరఖాస్తు చేసే వారితో మొదలుపెట్టిన బ్రౌన్, మరికొన్ని. రెండో తెగ నీడ్ అవేర్. సీటు ఇచ్చిన వారి అవసరాన్ని ఇవీ పూర్తిగా తీరుస్తాయి గానీ, ఎవరికి ఇవ్వాలో తేల్చేటప్పుడు ఆ విద్యార్థి మీద ఎంత ఖర్చవుతుందో కూడా చూస్తాయి.

ఎర్లీ డెసిషన్ విలువ ఈ రెండు చోట్లా ఒకటి కాదన్నది నా అభిప్రాయం, ఈ కేసంతా దాని మీదే నడిచింది. నీడ్ బ్లైండ్ కళాశాల మన దగ్గర డబ్బు లేదన్న సంగతిని త్రాసులో వేయదు. అక్కడ మన మాట "మీ దగ్గరికే వస్తాను" అన్న ఇష్టాన్ని తెలుపుతుంది, అంతకు మించి పెద్దగా చేయదు. నీడ్ అవేర్ కళాశాల దగ్గర విదేశీయుల కోసం ఏటా కొంత సొమ్ము మాత్రమే ఉంటుంది. ఒక్కొక్కరి మీద నాలుగేళ్లలో రెండున్నర, మూడు లక్షల డాలర్లు పెట్టవలసి ఉన్నప్పుడు, వస్తారో రారో తెలియని వారికంటే వచ్చి తీరతానని రాసిచ్చిన వారి మీద పెట్టడానికే ఆ కళాశాల మొగ్గుతుంది. ఆ సొమ్ములో మంచి భాగం డిసెంబరులోనే ఖర్చయిపోతే మార్చిలో తేలే సాధారణ విడత (రెగ్యులర్) వరకు ఆగిన వారికి మిగిలేది తక్కువ. కనుక పేద విదేశీ విద్యార్థి ఇచ్చే మాటకు ఎక్కువ బరువు తూగేది ఇక్కడే. బయటివారికి ఇది తలకిందుల లెక్కలా కనిపిస్తుంది.

అమ్మాయి మేనమామ డాలస్‌లో ఉంటారు. ఆయనకూ అలాగే కనిపించింది. బ్రౌన్ కొత్తగా విదేశీయులకు నీడ్ బ్లైండ్ అయ్యింది కాబట్టి ఎర్లీ డెసిషన్ అక్కడే పెట్టాలని ఆయన పట్టుబట్టారు. ఆయన వాదన తీసిపారేయదగ్గది కాదు. అమ్మాయి చదవాలనుకున్నది భూశాస్త్రం. అక్కడి భూశాస్త్ర విభాగం బలమైనది, ఆమెకూ నచ్చింది. పైగా అంతకుముందు ఏడాది ఎర్లీ డెసిషన్‌లో 6,244 మంది దరఖాస్తు చేస్తే 898 మందికి సీట్లిచ్చారు. అంటే నూటికి పద్నాలుగు మంది. మొత్తం దరఖాస్తుల మీద చూస్తే నూటికి ఐదుగురే. కానీ ఆ పద్నాలుగులో కళాశాల జట్ల కోసం కోచ్‌లు ముందే ఎంచుకున్న క్రీడాకారులు ఉంటారు, తల్లిదండ్రులు అక్కడే చదివిన పిల్లలు ఉంటారు. వారిని తీసేస్తే చండూరు అమ్మాయికి మిగిలే శాతం ఎంతన్నది ఎవరూ ప్రకటించరు. అదీగాక బ్రౌన్, డార్ట్‌మత్ ఆ ఏడాది నుంచే సాట్ వంటి ప్రవేశ పరీక్షను మళ్లీ తప్పనిసరి చేశాయి. ఆగస్టులో హైదరాబాద్ వెళ్లి రాసిన సాట్‌లో ఈమెకు గణితంలో 790, ఇంగ్లిషులో 640, మొత్తం 1430 వచ్చాయి. ఏడో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు అది తక్కువేమీ కాదు. అయినా బ్రౌన్‌లో అది మిగతావారి వెనక నిలబెట్టే అంకె.

శాతాల బదులు నేను చూడమని చెప్పేది కామన్ డేటా సెట్‌ను. చాలా కళాశాలలు ఏటా ఒకే నమూనాలో తమ వివరాలు నింపి ప్రకటించే పత్రం ఇది. ఇందులో బీ2 విభాగం విదేశీ విద్యార్థులు ఎందరున్నారో చెబుతుంది. హెచ్6 విభాగం వారిలో ఎందరికి కళాశాల సొంత సాయం అందిందో, సగటున ఎన్ని డాలర్లో చెబుతుంది. ఉదాహరణకు ఒక కళాశాలలో 300 మంది విదేశీయులుండి 200 మందికి సగటున 65 వేల డాలర్లు అందితే, నాలుగు తరగతులకు పంచి, ఏటా యాభై మంది దాకా పెద్ద సాయంతో చేరుతున్నారని అనుకోవచ్చు. ఇంకో చోట 600 మందిలో 60 మందికే అందితే ఆ కళాశాల విదేశీయుల ఫీజుల మీద బతుకుతున్నదని అర్థం. అమ్మాయి రెండు ఆదివారాలు కూర్చొని తొమ్మిది కళాశాలలకు ఈ లెక్క తానే వేసింది. మూడు చోట్ల పేరుకు పూర్తి సాయమని ఉన్నా ఏటా చేరేవారు ఐదారుగురికి మించడం లేదని తేలింది.

చదువు విషయంలో నిర్ణయం తేలికగానే జరిగింది. ఎనిమిదో తరగతి నుంచి ఆమె తమ ఊళ్లో, పక్క ఊళ్లలో వేసిన బోర్ల వివరాలు ఒక పొడుగాటి పుస్తకంలో రాస్తోంది: ఎవరి చెలక, ఏ ఏడాది వేశారు, ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయి, ఎప్పుడు ఎండింది. అరవై రెండు బోర్లు. మూడు వందల అడుగుల బోరులో రెండించుల నీళ్లున్న చోట, ఇరవై గజాల అవతల ఎనిమిది వందల అడుగులు దించినా దుమ్మే ఎందుకు లేచిందన్నది ఆమె ప్రశ్న. మా నేల కింద గ్రానైటు రాయి, నీరుండేది దాని పగుళ్లలో. ఆ పగుళ్ల లెక్క ఆమెకు కావాలి. నల్లగొండ నుంచి వెళ్లే పిల్లలందరూ దరఖాస్తుతో పంపే వ్యాసాన్ని ఫ్లోరైడ్ బాధితుల మీద రాస్తారు, నేనూ ఒకప్పుడు రాయించాను. నాగ్‌పూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి పెట్టిన నల్లగొండ టెక్నిక్ అన్న పేరు ఇప్పుడు ప్రపంచమంతటికీ తెలుసు. కానీ ఈ అమ్మాయి చేతిలో తన పుస్తకం ఉండగా అరువు దుఃఖం అవసరం లేదు. వ్యాసం సంగతి ఇంతటితో ఆపుతాను.

భూశాస్త్రం, పూర్తి సాయం, హెచ్6 లెక్క అనే మూడు జల్లెడల్లోంచి మిగిలిన వాటిలో మసాచుసెట్స్‌లోని వెల్స్‌లీ, స్మిత్, మౌంట్ హోల్యోక్, పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ వంటి మహిళా కళాశాలలున్నాయి. నాలుగింటిలోనూ భూశాస్త్ర విభాగం ఉంది, రెండు విడతల ఎర్లీ డెసిషన్ ఉంది. విదేశీయుల విషయంలో నీడ్ అవేర్‌గా ఉంటూనే, తీసుకున్న వారి అవసరాన్ని పూర్తిగా తీరుస్తాయి. దరఖాస్తుదారుల్లో అబ్బాయిలు ఉండరు కనుక పోటీ గుంపు చిన్నది. అమ్మాయి ఇలాంటి ఒక కళాశాలను ఎంచుకుంది. అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థినితో గంటసేపు వీడియోలో మాట్లాడాకే ఆమె మనసు కుదుటపడింది. మేనమామ ఫోనులో, "ఆడపిల్లల కాలేజీకి అమెరికా దాకా ఎందుకు బావా, నల్లగొండల లేదా?" అన్నారు. తండ్రి ఊగిసలాడారు. తల్లి మాత్రం కళాశాల పేరు సరిగ్గా పలకలేకపోయినా హెచ్6 అంకెను గుర్తుపెట్టుకొని, తన తమ్ముడైన ఆ మేనమామకు అదే చెప్పారు. ఒకవేళ డిసెంబరులో సీటు రాకపోతే రెండో ఎర్లీ డెసిషన్ బోడిన్‌లో పెట్టాలని సెప్టెంబరులోనే రాసుకున్నాం. అది విదేశీయులకూ నీడ్ బ్లైండ్, 1969 నుంచీ ప్రవేశ పరీక్షల అంకె ఇవ్వడం అక్కడ విద్యార్థి ఇష్టం. రెండో అడుగు ఎక్కడ వేయాలో మొదటి ఫలితం రాకముందే తేల్చుకోవాలి. నిరాశ మీద ఉన్న కుటుంబం డిసెంబరు చివరి పది రోజుల్లో మంచి నిర్ణయం తీసుకోవడం నేను చూడలేదు. ఇక్కడ టీజీ ఈఏపీసెట్ సన్నద్ధతను మాత్రం ఆపనివ్వలేదు.

ఎర్లీ డెసిషన్ ఒప్పందం మీద విద్యార్థితో పాటు తల్లి గానీ తండ్రి గానీ, పాఠశాల కౌన్సెలర్ కూడా సంతకం చేయాలి. మన జూనియర్ కళాశాలల్లో కౌన్సెలర్ అనే ఉద్యోగమే లేదు కాబట్టి ఆ భారం ప్రిన్సిపాల్ మీద పడింది. ఆయన కాగితాన్ని మూడుసార్లు చదివి, "ఇదేమన్న బాండ్ పేపరా సార్? రేపు పిల్ల పోకపోతే మా కాలేజీ మీదికొస్తదా?" అని అడిగారు. కోర్టు వ్యవహారం కాదని, అయితే కారణం లేకుండా మాట తప్పితే తర్వాత ఆ కళాశాల నుంచి దరఖాస్తు చేసే పిల్లల మీద నమ్మకం సడలవచ్చని చెప్పాను. రెండో మాట విన్నాకే ఆయన కలం తీశారు. తొమ్మిదో తరగతి నుంచి మార్కుల వివరాలు, ఇంటర్ రెండో సంవత్సరం అర్ధవార్షిక మార్కులు, ఆయన ఇచ్చిన లేఖ అన్నీ అక్టోబరు 25 నాటికి చేరాయి.

ఇక నా పొరపాటు. ఆర్థిక సాయానికి చాలా ప్రైవేటు కళాశాలలు కాలేజ్ బోర్డు అనే సంస్థ నడిపే సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఫారాన్ని అడుగుతాయి. మొదటి కళాశాలకు 25 డాలర్లు, ఆపై ఒక్కొక్కదానికి 16 డాలర్ల రుసుము. అక్టోబరు 1న తెరుచుకునే ఆ ఫారంలో ఆదాయంతో పాటు ఆస్తులూ రాయాలి. అమ్మాయి తమ కుటుంబం సాగుచేసే 6 ఎకరాల 20 గుంటలనూ తండ్రి ఆస్తిగా, ఎకరా 30 లక్షల మార్కెట్ ధరతో రాసింది. దాదాపు కోటీ 95 లక్షలు. సరిచూసే బాధ్యత నాది. నేను ఆదాయపు పుటలను రెండుసార్లు చూసి, ఆస్తుల పుటను ఒక్కసారి చూసి వదిలేశాను. వ్యవసాయ ఆదాయానికి మన దగ్గర ఆదాయపు పన్ను లేదు కాబట్టి రిటర్నులు ఉండవు. అందుకని తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, తోట లెక్కల పట్టిక, తల్లి వేతనం జమయ్యే బ్యాంకు ఖాతా వివరాలు జతచేయడం మీదే నా దృష్టంతా నిలిచిపోయింది.

డిసెంబరు మధ్యలో ఒక తెల్లవారుజామున ఫలితం వచ్చింది. సీటు ఇచ్చారు. తండ్రి ఫోనులో మాట్లాడలేక ఫోన్ కూతురికిచ్చారు. మర్నాడు సాయం లేఖ తెరిచి చూస్తే, వేసవి సంపాదన, క్యాంపస్ పని పోను కుటుంబం ఏటా కట్టవలసింది 9,500 డాలర్లని ఉంది. అంటే 8 లక్షలు, తల్లి చెప్పిన అంకెకు నాలుగింతలు.

పొరపాటు ఎక్కడ జరిగిందో కనిపెట్టడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది. ఆ పద్ధతిలో కుటుంబ ఆస్తి విలువలో కొద్ది శాతాన్ని ఏటా చదువుకు వాడగలరని లెక్కిస్తారు. రెండు కోట్లకు దగ్గరగా ఉన్న ఆస్తి మీద కొద్ది శాతమన్నా మా తోట ఆదాయాన్ని మింగేస్తుంది. పాసుపుస్తకాలు తెప్పించి చూస్తే తండ్రి పేరున ఉన్నది 3 ఎకరాల 10 గుంటలే. మిగిలిన 3 ఎకరాల 10 గుంటలు నాయనమ్మ పేరున ఉంది, అందులో చిన్నాన్నకూ వాటా ఉంది. ఇంట్లో అందరూ "మన భూమి" అంటారు, పిల్లకు తెలిసిందీ అదే. జూన్‌లోనే పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో నేను అడిగి ఉండాల్సింది.

ఎకరా ధర తగ్గించి రాద్దామని మేనమామ సూచించారు. నేను ఒప్పుకోలేదు. రోడ్డు పక్క భూమి ధర ఎంతో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు, మేము రాసిన 30 లక్షలు సరైన అంకే. మార్చవలసింది యాజమాన్యాన్ని. డిసెంబరు 18న సాయ కార్యాలయానికి రెండు పేజీల లేఖ పంపాం. రెండు పాసుపుస్తకాల నకళ్లు, వాటి ఇంగ్లిషు అనువాదం, బోర్ల అప్పు వివరాలు జతచేశాం. తోటే ఆదాయమని, ఎకరం అమ్మితే ఆ మేరకు మరుసటి ఏడాది ఆదాయమూ పోతుందని, బత్తాయి చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుందని రాశాం. పొరపాటు మాదేనని మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాం.

ఆ తర్వాతి మూడు వారాలు ఈ కేసులో అత్యంత కష్టమైనవి. కళాశాలలు క్రిస్మస్‌కు మూతపడతాయి. బోడిన్ రెండో ఎర్లీ డెసిషన్ గడువు, మిగతా కళాశాలల రెగ్యులర్ గడువులు జనవరి మొదటి వారంలో ఉన్నాయి. మొదటి ఒప్పందం నుంచి విడుదల కాకుండా రెండో చోట అదే మాట ఇవ్వడం అబద్ధమవుతుంది కనుక రెండో ఎర్లీ డెసిషన్‌ను వదులుకున్నాం. సాయం సమీక్షలో ఉండగా రెగ్యులర్ దరఖాస్తులు పెట్టవచ్చా అని ప్రవేశాల కార్యాలయానికే ఈమెయిలు రాసి అడిగాం. పెట్టవచ్చని, సాయం విషయం తేలాక వెనక్కి తీసుకోవాలని జవాబు వచ్చింది. అలా బోడిన్‌తో కలిపి ఐదు చోట్ల రెగ్యులర్‌లో పెట్టాం. తండ్రి చెప్పిన ధర సంగతి నాకు ఆ రోజుల్లో రోజూ గుర్తుకొచ్చేది. ఎర్లీ డెసిషన్‌కు కళాశాలను ఎంచుకోవడంలో ఆ కళాశాల సాయ కార్యాలయంతో ఇలా వాదించవలసి వస్తే వారు వింటారా అన్నది కూడా ఒక భాగమని నేను అప్పటిదాకా విద్యార్థులకు చెప్పలేదు. ఇప్పుడు సెప్టెంబరులోనే ఆ కార్యాలయానికి ఒక నిజమైన సందేహం రాసి పంపిస్తున్నాను. జవాబు ఎన్ని రోజులకు వచ్చింది, అడిగినదానికే చెప్పారా, పేరు పెట్టి మనిషి రాశారా అన్నవి చూసుకుంటాం.

జనవరి 8న సవరించిన లేఖ వచ్చింది. కుటుంబం కట్టవలసింది 2,900 డాలర్లు. అనుకున్నదానికంటే 500 డాలర్లు ఎక్కువే. సెమిస్టర్ మధ్యలో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లో పనిచేయడానికి ఎఫ్-1 వీసా అనుమతిస్తుంది కనుక, లేఖలో చూపిన పని గంటలకు ఇంకో రెండు గంటలు కలుపుకుంటే ఆ తేడా పూడుతుందని అమ్మాయి లెక్క వేసింది. రెగ్యులర్ దరఖాస్తులు ఐదింటినీ అదే వారం వెనక్కి తీసుకున్నాం. వాటిలో ఏదో ఒకటి ఇంకా తక్కువకు ఇచ్చేదేమోనన్న ఆలోచన తండ్రికి వచ్చింది, నాకూ వచ్చింది. మాట ఇచ్చాం కనుక ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

ముందే సీటు తేలినందువల్ల కలిగిన మేలు 2025 వేసవిలో కనిపించింది. ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు రాగానే, వీసాకు కావలసిన ఐ-20 పత్రాన్ని కళాశాల నుంచి తెప్పించుకొని, మే మొదట్లోనే హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ స్లాట్ తీసుకుంది. మే 27న అమెరికా విద్యార్థి వీసాలకు కొత్త స్లాట్లు ఇవ్వడం ఆపేసింది, జూన్ 18న గాని తిరిగి మొదలుపెట్టలేదు. అంతకుముందు తీసుకున్న స్లాట్లు రద్దు కాలేదు కాబట్టి ఈమె ఇంటర్వ్యూ జూన్‌లో అనుకున్న రోజునే జరిగింది.

అయితే విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌కు కట్టే రుసుము 350 డాలర్లు, వీసా రుసుము 185 డాలర్లు కలిపి దాదాపు 46 వేల రూపాయలు, మేము 2024 జూన్‌లో వేసిన 2 లక్షల లెక్కలో ఎక్కడా లేవు. తల్లి ఆ డబ్బు మహిళా సంఘం నుంచి అప్పు తెచ్చారు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కుటుంబానికి మొదటి రోజు ఇచ్చే కాగితంలో ఆ రెండు రుసుముల వరుస ఉంటుంది. దాని పైన, పాసుపుస్తకం ఎవరి పేరున ఉందన్న వరుస ఉంటుంది.